వద్దనే హక్కు

నాకు జోడీగా ఫ్రాన్సు కుర్రాడు వస్తున్నాడని పేటంతా చాటింది మా అమ్మ.

నేను చెప్పింది ఇంతే. యూనివర్సిటీలో ‘మాటల జోడీ’ అని ఒకటి పెట్టారు. బయటిదేశం నుంచి వచ్చిన విద్యార్థుల్లో ఒకరిని మనకి జత చేస్తారు. వారానికోసారి కూర్చుని గంటసేపు వాళ్ళ భాష, గంటసేపు మన భాష మాట్లాడుకోవాలి. నేను ఫ్రెంచ్ అడిగాను. హోటల్ చదువు చదివేవాళ్ళకి ఫ్రెంచ్ వస్తే సముద్రం ఒడ్డున లాస్ తెరేనాస్‌లో ఉద్యోగాలున్నాయి, అక్కడ సగం హోటళ్ళు ఫ్రెంచ్‌వాళ్ళవే. ఈ ముక్క అమ్మ చెవిలో పడి నీలికళ్ళ అల్లుడై బయటికొచ్చింది. శాంతియాగోలో మా పేటలో అమ్మకి హెయిర్ సెలూన్ ఉంది. డ్రయ్యర్ కింద కూర్చున్నవాళ్ళ జుట్టు ఆరేలోగా అక్కడి మాట నాలుగు వీధులు దాటుతుంది.

జోడీలు కలిపే రోజు అమ్మ నన్ను తెల్లారకుండానే కుర్చీలో కూలేసింది. మందు పూసి, వేడిగాలి పెట్టి, నా రింగుల జుట్టుని అట్టముక్కలా సాపు చేసి పంపింది. యూనివర్సిటీ హాల్లో ప్రొఫెసరు పేర్లు చదివాడు. నా పేరు, దిలేనియా, పిలిచాక ‘కెట్సియా దోర్విల్’ అన్నాడు. లేచి నిలబడిన మనిషి నాకంటే ఒక ఛాయ నలుపు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత నలగని తెల్ల జాకెట్టుతో ఉంది. చేతిలో గొడుగు. హైతీ పిల్ల. ఒకే దీవిలో మాది ఈ సగం, వాళ్ళది ఆ సగం. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి చేరే బయటిదేశం. అక్కడ బాగా చదువుకున్నవాళ్ళు మాట్లాడేది ఫ్రెంచ్.

నా మొహం వాడిపోయిందని నాకు తెలుసు. అయితే ఆమె మొహం అంతకంటే వాడిపోయింది. సాహిత్యం చదివేవాళ్ళని ఇమ్మని అడిగిందట. పక్కలు దులిపే చదువుదాన్ని ఇచ్చారు. నేను బళ్ళో నేర్చుకున్న నాలుగు పలకరింపులు ఒప్పజెప్పాను. ఆమె చివరిదాకా విని, మా స్పానిష్‌లోనే అడిగింది.

“నీకు ఫ్రెంచ్ ఎవరు నేర్పారు?”

“మా మాస్టారు.”

“పాపం, ఆయనకెవరు నేర్పారో.”

అలా మొదలైంది మా స్నేహం.

యూనివర్సిటీ లైబ్రరీలో కరెంటు ఉంటే ఫ్యాన్లు ఉండవు, ఫ్యాన్లుంటే కరెంటు ఉండదు. కాఫీ హోటల్లో రెండు గంటలు కూర్చోవాలంటే రెండు గంటలూ ఏదో ఒకటి తెప్పిస్తుండాలి. ఇన్వర్టరున్నది అమ్మ సెలూన్‌లోనే. గురువారం మధ్యాహ్నాలు అక్కడ కూర్చుందామన్నాను. అమ్మ ఆమెను గుమ్మంలో చూసి, దువ్వెన పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి, నా వైపు తిరిగింది. ఫ్రాన్సు అన్నావుగా అంది. ఫ్రెంచ్ అన్నానమ్మా అన్నాను. ఇదేం ఫ్రెంచే, రెండోరకం సరుకు అంది. గొంతు తగ్గించాలన్న ఆలోచన ఆమెకి రాలేదు. హైతీవాళ్ళకి స్పానిష్ రాదని అమ్మ నమ్మకం.

కెట్సియా నవ్వింది. వాళ్ళ ఇంట్లో వంటమనిషి ఉప్పెక్కువ వేస్తే వాళ్ళమ్మ సరిగ్గా అలాగే నవ్వుతుందని తర్వాత నాకు చెప్పింది. వాళ్ళ నాన్న హైతీలోని కాప్ పట్నంలో వీలునామాలు రాసే నోటరీ. రెండంతస్తుల ఇల్లు, పియానో. ఈమె ఇక్కడ దంతవైద్యం చదువుతోంది.

అమ్మ మర్యాద తెలియనిదేం కాదు. సెలూన్‌కి వచ్చినవాళ్ళందరికీ పింగాణీ కప్పుల్లో కాఫీ ఇస్తుంది. కెట్సియాకి మాత్రం తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చింది. ఆమె దాన్ని ఒకసారి చూసి, ముట్టుకోకుండా పక్కన పెట్టింది. తర్వాతి గురువారం సంచీలోంచి బంగారు అంచున్న కప్పూ సాసరూ తీసి, చేతిరుమాలు మడత విప్పి, అమ్మ ముందుకి చాపింది. అమ్మ పోసింది. పోయక ఏం చేస్తుంది, పేటంతా చూస్తోంటే. మా కప్పులకి అంచులు పెచ్చులూడి ఉన్నాయని నాకు ఆరోజే కనిపించింది.

అలాగని కెట్సియా దేవత అనుకునేరు. మా సెలూన్ మెట్టు మీద మామిడిపళ్ళ బేసిను పెట్టుకుని ఒకావిడ కూర్చునేది. ఆవిడా హైతీ మనిషే. ఏళ్ళ తరబడి మాకు పళ్ళు అమ్ముతోంది. మొదటి రోజే ఆవిడ కెట్సియాని చూసి హైతీలో మామూలు జనం మాట్లాడే క్రెయోల్‌లో ఏదో పలకరించింది. మొహం విప్పారించుకుని, పుట్టింటివాళ్ళు కనబడినట్టు. కెట్సియా వాననీళ్ళ గుంట దాటినట్టు ఆవిడ్ని దాటి లోపలికొచ్చేసింది. నీకు వినబడలేదా అని అడిగాను. వినబడింది, మా ఇంట్లో ఆ భాష వంటింటి గుమ్మం దాటి రాదు అంది. ఈమెని మా అమ్మకి కూతురిగా పుట్టించకుండా దేవుడు పొరబడి నన్ను పుట్టించాడేమో అనుకున్నాను.

మరి స్నేహం ఎలా కుదిరింది అంటే, ఎగతాళిలో కుదిరింది. ఇద్దరికీ మనుషుల్లో లోపాలు కనిపెట్టడం ఒక ఆట. మా ప్రొఫెసరు ‘సంస్కృతుల వంతెన’ అని ఊగిపోతూ మాట్లాడి, జోడీల్లో హైతీ పిల్లలందర్నీ ఫొటోలో వెనక వరసలో నిలబెట్టాడు. అతను ఊగే తీరు కెట్సియా చేసి చూపిస్తే నాకు పొట్ట పట్టేసింది. ఆమెకి మా పేట తిట్లు నేర్పాను. మా ఊళ్ళో ఎవరినైనా తిట్టేముందు ‘నా ప్రాణమా’ అంటారు. ఆ మాటకీ తిట్టుకీ మధ్య ఎంత సేపు ఆగాలో నేర్పడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఆమె నాకు నోటరీల ఫ్రెంచ్ నేర్పింది. ఇప్పుడు నేను లాస్ తెరేనాస్‌లో హోటల్ కౌంటర్లో నిలబడి మాట్లాడుతుంటే, పారిస్ నుంచి వచ్చినవాళ్ళు వీలునామా చదువుతున్నట్టుందని నవ్వుతారు. వాళ్ళ సూట్‌కేసులు నేను చాలా గౌరవంగా తప్పుగదికి పంపిస్తాను.

అవి మామిడిపళ్ళు బాగా పండి, వీధంతా ఈగలు ముసిరే రోజులు. మా అన్నయ్య వాస్కర్ గురువారాలు సెలూన్‌లో కనబడ్డం మొదలుపెట్టాడు.

వాస్కర్‌ని అమ్మ ‘మా రాజు’ అని పిలిచేది. రాజు పదింటికి లేచేవాడు. లేచేసరికి చొక్కా, లోపలి బనీనుతో సహా ఇస్త్రీ అయి కుర్చీకి వేలాడుతుండాలి. ఆ చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్ళేవాడంటే వీధి చివరికి. బిజినెస్ అనేవాడు. ఏం బిజినెస్ అని అడిగినవాళ్ళకి మీకర్థం కాదు అనేవాడు. అది నిజమే, ఎవరికీ అర్థం కాలేదు. నాన్న పోయాక ఇంటికి మగదిక్కని అమ్మ అతన్ని అలా నిలబెట్టుకుంది, దుకాణంలో బొమ్మకి బట్టలు తొడిగినట్టు.

అతను సెంటు కొట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడి, మేం మాట్లాడేది వింటూ నవ్వేవాడు. కెట్సియా అతన్ని ఫ్యానుని చూసినట్టు చూసేది. తిరుగుతోందా లేదా అని ఒకసారి, అంతే. ఆ చూపు అతనికి కొత్త. అప్పటిదాకా ఆడవాళ్ళెవరూ అతన్ని అలా చూడలేదు. దాన్నే ప్రేమ అనుకున్నాడు.

ఒక గురువారం నేను కెట్సియాకి మా ‘ర’ పలికిస్తున్నాను. ఫ్రెంచ్ నోటికి అది గొంతులోకి జారిపోతుంది. వాస్కర్ గుమ్మంలోంచి, నాకోసం ఒక్కసారి పెరెహిల్ అను, విందాం అన్నాడు. పెరెహిల్ అంటే కూరలో వేసే ఆకు, కొత్తిమీరకి దగ్గర చుట్టం. డ్రయ్యర్ కింద ఉన్న దోన్యా నెరెయిదా, పేటలో పెద్దావిళ్ళందరూ మాకు దోన్యాలే, కిసుక్కున నవ్వి, నవ్వు మధ్యలో మింగేసింది. మా తాతల కాలంలో సరిహద్దు వెంట మా సైనికులు ఆ ఆకు పట్టుకుని, ఇదేమిటో చెప్పు అని అడిగేవారు. ‘ర’ తిరగనివాళ్ళు హైతీవాళ్ళని లెక్క. అక్కడికక్కడే కత్తులతో నరికేవారు. వేలమంది పోయారు. ఈ సంగతి పెద్దవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

కెట్సియా కప్పు సాసర్లో పెట్టింది. “పెరెహిల్,” అంది. చర్చిగంట కొట్టినట్టు స్పష్టంగా.

వాస్కర్ చప్పట్లు కొట్టాడు.

“మా నాయనమ్మ వాళ్ళ అక్కకి రాలేదు,” అంది కెట్సియా, నాతోనే.

“ఏం రాలేదు?” అన్నాడు వాస్కర్. ఎగతాళికి కాదు, నిజంగానే తెలీక అడిగాడు. బడి అతని పక్కనుంచి పలకరించకుండా వెళ్ళిపోయింది. అమ్మకి తెలుసు. అమ్మ చేతిలో ఉన్న డ్రయ్యర్‌ని గట్టిగా తిప్పి పెట్టింది. ఆ మోతలో ఇంకెవరూ ఏమీ మాట్లాడక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళో కాకముందే వాస్కర్, ఆ పిల్లని పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో చెప్పాడు. అమ్మ రెండు రోజులు గుండె పట్టుకుని పడుకుంది. మూడోరోజు లేచి, ఆ పెళ్ళి ఎలా ఆపాలో సెలూన్‌లో సాధన మొదలుపెట్టింది. నా శవం మీదుగా నడిచి వెళ్ళు అని ఒకరి తలకి రంగు వేస్తూ అనేది. పుట్టబోయే పిల్లల జుట్టు ఎవరు దువ్వుతారు అని ఇంకొకరి తల కడుగుతూ అడిగేది. చర్చిలో కొవ్వొత్తులు వెలిగించింది. కెట్సియా కాళ్ళ మీద పడి, నా బిడ్డని వదిలెయ్యమ్మా అని ఏడ్చే మాటలు కూడా సిద్ధం చేసుకుంది. అవి అద్దం ముందు చెప్పుకుంటుంటే నేను విన్నాను. బాగా వచ్చాయి.

అవేవీ పనికిరాలేదు. బస్సు స్టాపులో వాస్కర్ అడిగాడు, కెట్సియా వద్దంది. అంతే. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

మొక్కు ఫలించింది కదా, అమ్మ పండగ చేసుకోవాలి. ఆ సాయంత్రం చేసుకుంది కూడా. మర్నాడు దోన్యా నెరెయిదా కుర్చీలో కూర్చుంటూ, మీ వాణ్ణి హైతీ పిల్ల కూడా వద్దందటగా, నా ప్రాణమా అంది. ఆ ‘కూడా’ అమ్మ గుండెలో ములుకులా దిగింది. వాస్కర్ మంచం దిగలేదు. దిగి వెళ్తే వీధి చివర బిజినెస్ స్నేహితులు అతన్ని చూసి బస్సు హారన్ కొడుతున్నట్టు నోటితో చప్పుడు చేస్తున్నారు.

ఆదివారం అమ్మ చర్చికి వేసుకెళ్ళే గౌను తొడుక్కుని, నన్ను వెంటేసుకుని, కెట్సియా ఉండే గదికి బయల్దేరింది. నేను రానన్నాను. దారి నీకే తెలుసు, నడు అంది.

కెట్సియా తలుపు తీసి, ఆశ్చర్యం ఏమీ చూపించకుండా, కూర్చోండి దోన్యా అంది. అమ్మ, కూర్చోడానికి రాలేదు అంటూ కూర్చుంది.

“నా కొడుకులో నీకు కనబడిన లోటేమిటి?”

“అతను ఎన్నింటికి లేస్తాడు?”

“రాత్రి ఆలస్యంగా పడుకుంటాడు.”

“ఏం పని చేసి?”

అమ్మ గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంది. కెట్సియా పెరెహిల్ మాట ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. దాన్ని అర్థం చేసుకునేవాళ్ళకి చెప్పక్కర్లేదు, చేసుకోనివాళ్ళకి చెప్పీ లాభం లేదనుకుందేమో.

“ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. నేను సరేనంటే మీరు ఒప్పుకునేవారా?”

“చచ్చినా ఒప్పుకోను.”

“మరి మీరు కోరిందే జరిగిందిగా. ఇంకా గొడవేముంది?”

అద్దం ముందు అమ్మ నేర్చుకున్నవేవీ దీనికి అతకలేదు. చివరికి ఆమె కడుపులో ఉన్నదే బయటికొచ్చింది.

“వద్దనాల్సింది నేను. నువ్వు కాదు.”

నేను నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. కెట్సియా నవ్వలేదు. మర్యాదగా మెట్లదాకా వచ్చి సాగనంపింది. ఇంటికొచ్చేదాకా అమ్మ వీధికి అటువైపు నడిచింది, నేను ఇటువైపు.

కెట్సియా ఇంక రాదనుకున్నాను. గురువారం అదే వేళకి, అదే గొడుగుతో వచ్చింది. రాకపోతే భయపడ్డాననుకుంటారు అంది. అమ్మ కాఫీ పోసింది. రెండు వారాలు అలా నడిచింది. సెలూన్‌లో ఆడవాళ్ళు పత్రికలు తిరగేస్తున్నట్టు నటిస్తూ చెవులు మా మూలకి పెట్టేవారు.

అప్పుడే ఊళ్ళో ట్రక్కులు తిరగడం ఎక్కువైంది. పక్కలకి ఇనప చువ్వలున్న ట్రక్కులు. హైతీవాళ్ళని పోగుచేసి సరిహద్దు అవతల దింపేసి వస్తాయి. అందులో వచ్చే ఇమిగ్రేషన్ మనుషులు మొహం చూసే ఎక్కిస్తారు, కాగితం తర్వాత చూస్తారు, ఒక్కోసారి చూడరు. చూడమని చేతికిచ్చిన కాగితాలు తిరిగిరావని అందరూ చెప్పుకునేవారు. కెట్సియా పాస్‌పోర్టు ఎప్పుడూ సంచీలో పెట్టుకునే తిరిగేది.

గురువారం. మేం ఫ్రెంచ్ గంటలో ఉన్నాం. ట్రక్కు ఆగిన చప్పుడు సెలూన్ ముందే వినబడింది. మెట్టు మీద మామిడిపళ్ళావిడ లేచి నిలబడింది. కెట్సియా సంచీ జిప్పు లాగింది. అమ్మ అడుగులు గబగబా వినబడ్డాయి. నేను తలెత్తి చూసేలోగా అమ్మ ఆమె మెడ చుట్టూ గుడ్డ కట్టేసి, జబ్బ పట్టి లేపి, తల కడిగే తొట్టి దగ్గర కుర్చీలో వెనక్కి పడేసింది. కుళాయి తిప్పింది. షాంపూ గుమ్మరించింది. మొహం మీద తువ్వాలు కప్పింది.

ఇద్దరు మనుషులు గుమ్మంలోకి వచ్చారు. ఇక్కడ హైతీ అమ్మాయి ఒకతె ఉంటుందని తెలిసి వచ్చామన్నారు.

“ఇక్కడున్నవాళ్ళంతా తల కడిగించుకోడానికి వచ్చినవాళ్ళు,” అంది అమ్మ, నురగలోంచి చేతులు తియ్యకుండా. “నువ్వూ కడిగించుకుంటావా? అవసరం కనబడుతోంది.”

దోన్యా నెరెయిదా డ్రయ్యర్ కింద నవ్వింది. ఈసారి మింగలేదు. రెండోవాడు తొట్టి వైపు చూశాడు. కనబడిందల్లా నురగా, తువ్వాలూ, మెడగుడ్డ కిందనుంచి ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టూ. ఆ జాకెట్టే వాణ్ణి వెనక్కి పంపింది. అంత ఖరీదైన బట్ట వేసుకున్నవాళ్ళు ట్రక్కులో ఎక్కేవాళ్ళు కారని వాడి లెక్క. వచ్చినందుకు వట్టి చేతులతో పోకూడదు కదా. మెట్టు దిగుతూ మామిడిపళ్ళావిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ అరవలేదు. చువ్వలు పట్టుకుని ఎక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి మెట్టు మీద ఉన్న బేసినుని చూసుకుంది.

తువ్వాలు తీశాక కెట్సియా, నా దగ్గర వీసా ఉంది అంది.

“ఉంది. చదవడం వాళ్ళకి రావాలిగా,” అంది అమ్మ. మొదలుపెట్టిన పని వదిలిపెట్టడం అమ్మకి చేతకాదు. జుట్టంతా శుభ్రంగా కడిగి, నూనె రాసి, చిక్కు తీసింది. ఇలాంటి జుట్టుకి దువ్వెనలు కావు, వ్యవసాయం పనిముట్లు కావాలి అని గొణుక్కుంటూనే చివరిదాకా తీసింది. కెట్సియా అద్దంలో గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. బయట ఈగలు బేసిను మీద వాలుతున్నాయి. ఆవిడ పేరేమిటని కెట్సియా అడిగింది. అమ్మకి తెలీదు. నాకు తెలీదు. దోన్యా నెరెయిదాకి అసలే తెలీదు. ఏళ్ళ తరబడి ఆవిడ మాకు మామిడిపళ్ళావిడే.

ఆ సాయంత్రం వాస్కర్ హుషారుగా ఇంటికొచ్చాడు. ఏం, ట్రక్కు వచ్చిందటగా అన్నాడు. అమ్మ అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నీకెవరు చెప్పారు అంది. అతను నవ్వి, ట్రక్కువాళ్ళకి నేనే ఫోన్ చేశాను అన్నాడు. వీసా ఉంది కదా, ఏమవుతుంది, రెండు గంటలు ఆ చువ్వల వెనక నిలబడి వస్తే పొగరు దిగుతుందని చేశానన్నాడు. వీధి చివర స్నేహితులకి కూడా చెప్పినట్టున్నాడు, మొహంలో ఆ వెలుగుంది.

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కాకి ఒక చెయ్యి అయింది, రెండోది ముడతలుగానే ఉంది. అలాగే మడతపెట్టి అతనికి ఇచ్చింది.

“మిగతావి నీ మంచం మీద ఉన్నాయి. సంచీలో సర్దుకో.”

“ఎక్కడికి?”

“పదింటికి లేచేవాళ్ళు కావలసిన చోటికి.”

అతను వేళాకోళం అనుకున్నాడు. అన్నం వడ్డిస్తారని కాసేపు చూశాడు. అమ్మ ఒక పళ్ళెం నాకు పెట్టి, ఒకటి తను తెచ్చుకుని తినడం మొదలుపెట్టింది. మర్నాడు అతను బావరో అనే బీచి ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక హోటల్‌కి రాత్రి కాపలా కాస్తున్నాడు. పగలు పడుకోడానికి వీలుగా ఉంటుంది.

అమ్మ మారిపోయిందని నేను చెప్పను. హైతీవాళ్ళ గురించి అంతకుముందు ఏమనేదో తర్వాతా అదే అనేది. ఆమె ఇస్త్రీపెట్టె మాత్రం బీరువా పైకెక్కింది. మా ఇంట్లో ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కుని ముడతలతోనే తిరగడం అప్పట్నుంచే.

ఫోన్ సంగతి కెట్సియాకి నేనే చెప్పాను. ఆమె, పోన్లే, మీ అన్నయ్య మొత్తానికి ఒక పని పూర్తిచేశాడు అంది. తర్వాత, మామిడిపళ్ళావిడ్ని నా బదులు తీసుకెళ్ళారు అంది. దహబోన్ వెళ్దామంది.

దహబోన్ సరిహద్దు మీద ఊరు. సంతరోజున వంతెన తెరుస్తారు, అటువాళ్ళు ఇటొచ్చి అమ్ముకుంటారు. ట్రక్కులు దింపేదీ ఆ వంతెన అవతలే. అమ్మకి చెబితే, మీకు పిచ్చా అని తిట్టి, కేకు చేసి అట్టపెట్టెలో కట్టిచ్చింది.

సంతలో మనిషి మీద మనిషి. తల మీద గుట్టలు, తోపుడుబళ్ళు, వెల్లుల్లి, పాతబట్టలు. కెట్సియా తెల్ల జాకెట్టు మీద అరగంటలో చేతిముద్రలు పడ్డాయి. మామిడిపళ్ళావిడ కోసం క్రెయోల్‌లో ఒకొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. అడిగినవాళ్ళు ఆమెని పైనుంచి కిందికి చూసి మొహం తిప్పుకుంటున్నారు. మాటలు నాకు అర్థం కాలేదు కానీ గొంతు అర్థమైంది. పుట్టినప్పట్నుంచీ ఆ భాషలో ఆమె మాట్లాడింది పనివాళ్ళతోనే. ఏం అడిగినా నీళ్ళు తెమ్మన్నట్టే వస్తోంది. ఒకామె నవ్వి పక్కామెకి ఏదో చెప్పింది. ఏమందని కెట్సియాని అడిగితే, అమ్మగారికి చెప్పులు పోయాయేమో వెతికిపెట్టమంటోంది అని అందట.

చివరికి ఆవిడ్ని నేనే చూశాను. విరిగిన గొడుగు కింద వెల్లుల్లి కుప్ప పోసుకుని కూర్చుంది. మా ఇద్దర్నీ చూసి లేవలేదు, నవ్వలేదు. నాతో స్పానిష్‌లో అంది.

“నా బేసినేది?”

మేం మొహాలు చూసుకున్నాం. బేసినులో సెలూన్ తువ్వాళ్ళు నానబెడుతోంది అమ్మ. కెట్సియా అట్టపెట్టె ముందుకి చాపింది.

“కేకు తెచ్చారా,” అంది ఆవిడ. “బేసిను లేకుండా నేనేం తలమీద పెట్టుకుని తిరగను, కేకా?”

పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళు హాయిగా నవ్వారు. కెట్సియా వంగి, చిన్నగా, క్రెయోల్‌లోనే ఏదో అడిగింది. ఆవిడ జవాబు మాత్రం స్పానిష్‌లో ఇచ్చింది, నేనూ వినాలని.

“పేరెందుకు? ఇన్నాళ్ళూ అవసరం రాలేదుగా.”

కెట్సియా ఇంకేదో అనబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“నీ గొంతు నాకు మొదటిరోజే తెలుసమ్మా. ఇలాంటి గొంతున్న ఇంట్లో చిన్నప్పుడు అంట్లు తోమాను. అయినా దేశంకాని దేశంలో కనబడ్డావని పలకరించాను. తప్పు నాదే.” గొడుగు సర్దుకుంది. “కొనేదుంటే కొనండి. లేకపోతే గాలికి అడ్డం తప్పుకోండి.”

కొన్నాం. ఆవిడ చెప్పిన ధరకి, ఆవిడ తూచినంత. మా ఇద్దరి ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా వెల్లుల్లి. కేకు ఆవిడ తీసుకోలేదు. పక్కనున్న ఆడవాళ్ళు తీసుకుని, మా ముందే తుంచుకుని తిన్నారు.

తిరుగు బస్సులో పక్కపక్కన సీట్లు దొరకలేదు. నేను ముందు, కెట్సియా నా వెనక సీట్లో, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఎండకి వెల్లుల్లి ఘాటెక్కింది. కెట్సియా పక్కన, కిటికీ దగ్గర, తలకి గుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకామె కూర్చుంది. హైతీ మనిషే. కిటికీ మూసి ఉంది.

కెట్సియా ఆమెతో క్రెయోల్‌లో ఏదో అంది. కిటికీ తియ్యమనే అయ్యుంటుంది. ముసలావిడ వినబడనట్టు ముందుకి చూస్తూ కూర్చుంది. కొంతదూరం పోయాక కెట్సియా మళ్ళీ అడిగింది, ఈసారి కొంచెం నెమ్మదిగా. ముసలావిడ తల కూడా తిప్పలేదు. నాకు నవ్వొచ్చింది, ఇంక వెనక్కి తిరగలేదు. బస్సు రెండు ఊళ్ళు దాటింది. మూడోసారి కెట్సియా గొంతు నేను గుర్తుపట్టలేదు. ఏవో చాలా మాటలన్నది, ఆగి ఆగి, వెతుక్కుంటూ. చివర్లో ఒక మాట అంటే ముసలావిడ కిచకిచ నవ్వింది. కిటికీ చప్పుడు చేసుకుంటూ పక్కకి జరిగింది.

గాలి నా మెడకి తగిలింది. ఏమన్నావని ఫ్రెంచ్‌లో అడిగాను. ముసలావిడ ఏదో అడుగుతోంది, కెట్సియా అటు తిరిగి చెబుతోంది. శాంతియాగో వచ్చేదాకా చెబుతూనే ఉంది.